సంతలో వచ్చిన లెక్క బడిలో ఎందుకు రాదు? బస్తర్ పిల్లల భాష, ఆలోచన

ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్, సారుంగ్, ఏడుంగ్. ఈ మాటలు మీరు ఇంతకుముందు విని ఉండకపోవచ్చు. అయినా మూడో మాట దగ్గరికి వచ్చేసరికే ఇవి అంకెలని తెలిసిపోయి ఉంటుంది. గోండి భాషలో ఒకటి నుంచి ఏడు వరకు లెక్కపెట్టే తీరు ఇది. ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ కొద్దిగా మారుతుంది. ఆ భాషలో కన్ అంటే కన్ను, కయ్ అంటే చెయ్యి, కాల్ అంటే కాలు, ఏర్ అంటే నీళ్ళు, లోన్ అంటే ఇల్లు. తెలుగు తెలిసినవారికి ఈ మాటలు పరాయివిగా అనిపించవు. రెండూ ద్రావిడ భాషలే.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో, ఇంట్లో ఈ మాటలే వింటూ పెరిగిన ఆరేళ్ళ పాపను ఊహించుకోండి. బడిలో మొదటి రోజు ఆ పాప చెవిన పడే మాటలు ఆంఖ్, హాథ్, పైర్, పానీ, ఘర్. మనకు గోండి అంకెల్లో దొరికిన ఆసరా ఆ పాపకు ఈ మాటల్లో దొరకదు. ఆ రోజు నుంచి ఆమె ఏకకాలంలో రెండు పనులు చేయాలి. కొత్త భాషను నేర్చుకోవాలి, అదే భాషలో కొత్త విషయాలనూ నేర్చుకోవాలి. కొన్ని నెలల తర్వాత ఆమె లెక్క తప్పు చేస్తే, ఆ తప్పు ఎక్కడిది? లెక్కదా, భాషదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పిల్లలు భాషను ఎలా నేర్చుకుంటారో, ఆ భాషతో ఎలా ఆలోచిస్తారో తెలియాలి. దాదాపు వందేళ్ళుగా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయంపై పనిచేస్తున్నారు.

ఒకే అడవి, అనేక భాషలు

బస్తర్ డివిజన్‌లో ఇప్పుడు ఏడు జిల్లాలున్నాయి: బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా. విస్తీర్ణంలో ఈ ప్రాంతం కేరళ రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. ఇక్కడి మురియా, మారియా ప్రజలు గోండి భాషా రూపాలు మాట్లాడతారు. దక్షిణాన గోదావరి, శబరి నదుల వైపు వస్తే దోర్లా ప్రజల మాట తెలుగుకు మరింత దగ్గరవుతుంది. ధుర్వా ప్రజల పర్జీ భాష కూడా ద్రావిడ కుటుంబానిదే. హల్బీ, భత్రీ భాషలు ఇండో-ఆర్య కుటుంబానికి చెందినవి. బస్తర్ సంస్థాన కాలం నుంచి వేర్వేరు తెగల మధ్య ఉమ్మడి భాషగా హల్బీ నిలిచింది. సంతలో గోండు రైతు, ధుర్వా మహిళ, పట్నం వ్యాపారి మాట కలిపేది ఎక్కువగా హల్బీలోనే.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంలో గోండి మాట్లాడేవారు సుమారు 29.8 లక్షలు, హల్బీ మాట్లాడేవారు సుమారు 7.66 లక్షలు, పర్జీ మాట్లాడేవారు సుమారు 52 వేలు. ముప్పై లక్షల మందికి దగ్గరగా ఉన్నా గోండికి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. అందులోని 22 భాషల్లో గిరిజన భాషలుగా చేరినవి సంతాలీ, బోడో రెండే.

అంటే బస్తర్ బిడ్డ ఒక్క భాష మధ్యన పెరగడు. ఇంట్లో గోండి, సంతలో హల్బీ, బడిలో హిందీ వినిపిస్తాయి. ఇది లోపమో బలమో ముందే తేల్చేయకూడదు. అది ఆ పిల్లవాడికి ఏ భాష ఎప్పుడు, ఎలా అందిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

బడికి ముందే పూర్తయ్యే పెద్ద చదువు

పసిపిల్లలు పుట్టినప్పుడు ఏ భాషకైనా సిద్ధంగా ఉంటారు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే శాస్త్రవేత్తలు కెనడాలో చేసిన ప్రయోగం దీన్ని చక్కగా చూపింది. వాళ్ళు ఎంచుకున్న ధ్వనుల్లో హిందీలోని త, ట ఉన్నాయి. ఇంగ్లీషు మాత్రమే వినే ఇళ్ళలో పుట్టిన ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు ఈ రెండింటి తేడాను గుర్తుపట్టారు. ఏడాది దగ్గరపడేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోయింది. హిందీ వింటూ పెరిగే పిల్లల్లో మాత్రం అది నిలిచింది. మెదడు తన చుట్టూ వినిపించే భాషకు తగ్గట్టు చెవిని సాన పెట్టుకుంటుంది, అవసరం లేని తేడాలను పక్కన పెడుతుంది.

ఆ తర్వాత పదాలు, పదబంధాలు, వాక్యాలు వరుసగా వస్తాయి. ఎవరూ వ్యాకరణం చెప్పకుండానే నాలుగైదేళ్ళకు పిల్లలు తమ భాషలోని ప్రధానమైన నియమాలన్నీ పట్టుకుంటారు. గోండి బిడ్డ అయినా, తెలుగు బిడ్డ అయినా ఇది ఒకటే. ఆరేళ్ళ గోండు పిల్లవాడు బడి గడప తొక్కేనాటికి వేల మాటలు తెలిసినవాడు. చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, వరసలు, కాలాలు, కారణాలు, షరతులు అన్నీ ఆ మాటల్లో ఉన్నాయి. 'వాన పడితే విత్తనం వేస్తాం, లేకపోతే ఆగుతాం' అనే వాక్యం చెప్పగలిగిన పిల్లవాడికి తర్కం మొదటి మెట్టు ఎక్కించనక్కరలేదు. అతడు ఆ మెట్టు మీదే ఉన్నాడు.

ఈ చదువు ఇంట్లోనే కాక ఊళ్ళోనూ సాగుతుంది. వెరియర్ ఎల్విన్ 1947లో మురియా ప్రజల ఘోటుల్ గురించి పెద్ద గ్రంథం ప్రచురించారు. యువతీయువకులు, పిల్లలు సాయంత్రాలు చేరే ఆ చోట పాటలు, ఆటలు, కథలు పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళకు అందేవి. పొడుపు కథ మన పల్లెలకూ కొత్త కాదు. దాన్ని విప్పాలంటే చెప్పిన వస్తువును వదిలి, దాని పోలికను పట్టుకుని, మరో వస్తువు దగ్గరికి వెళ్ళాలి. సమస్యా పరిష్కారంలో మనస్తత్వ శాస్త్రం సాదృశ్య ఆలోచన అని పిలిచేది ఇదే.

తనతో తాను మాట్లాడుకోవడం

భాష ఇతరులతో మాట్లాడడానికి మాత్రమే కాదు. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ పుస్తకం 'ఆలోచన, భాష' 1934లో వెలువడింది. చిన్న పిల్లలు ఆడుకుంటూ, బొమ్మలు గీస్తూ తమలో తాము మాట్లాడుకోవడాన్ని ఆయన శ్రద్ధగా గమనించారు. పనికి మధ్యలో అడ్డంకి కల్పించినప్పుడు, ఉదాహరణకు కావలసిన రంగు పెన్సిల్ అందుబాటులో లేనప్పుడు, ఆ స్వగతం దాదాపు రెట్టింపైంది. 'పెన్సిల్ ఏది? సరే, ఎరుపుతో గీస్తా, తడిపితే ముదురు రంగు వస్తుంది' అన్న ధోరణిలో పిల్లలు మాటతోనే దారి వెతుక్కున్నారు. వయసు పెరిగేకొద్దీ ఈ మాట బయటికి వినిపించకుండా లోపలికి వెళ్తుంది. పెద్దవాళ్ళం మౌనంగా లెక్క కట్టుకునేటప్పుడు మన లోపల నడిచేది అదే.

బస్తర్ తరగతి గదికి ఈ పరిశీలన చాలా ముఖ్యం. కష్టం ఎదురైనప్పుడు పిల్లవాడు ఏ భాషలో తనతో తాను మాట్లాడుకుంటాడు? తనకు బాగా వచ్చిన భాషలో. 'ఇక్కడ గోండి మాట్లాడకూడదు' అన్న నియమం బడిలో ఉంటే అది నోటిని మాత్రమే ఆపదు. కష్టమైన లెక్క ముందు నిలబడ్డ పిల్లవాడి చేతిలోంచి పనిముట్టును లాక్కుంటుంది.

ఏడు తర్వాత అరువు మాటలు

గోండి అంకెల విషయంలో ఒక విశేషం ఉంది. చాలా మాండలికాల్లో ఏడు వరకే సొంత మాటలు వాడుకలో ఉన్నాయి. ఆపై అంకెలకు హిందీ, మరాఠీ వంటి పొరుగు భాషల మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. దీన్ని చూసి గోండులకు ఏడు దాటి లెక్క రాదనుకుంటే పొరపాటు. తెలుగువాళ్ళం ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ఏ భాషలో చెబుతున్నామో ఒకసారి గమనించుకుంటే చాలు. అంకెకు అరువు మాట వాడినంత మాత్రాన లెక్క అరువుది కాదు.

అయితే అంకెల మాటలకూ లెక్కకూ సంబంధమే లేదా? ఉంది. బ్రెజిల్‌లోని ముండురుకు ప్రజల భాషలో ఐదు వరకే అంకెల పేర్లున్నాయి. పియెర్ పికా, స్టానిస్లాస్ దెహేన్ తదితరులు వారితో చేసిన అధ్యయనం 2004లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. రెండు చుక్కల గుంపుల్లో ఏది పెద్దదో అంచనా వేయడంలో, గుంపులను ఉజ్జాయింపుగా కలపడంలో వాళ్ళు ఫ్రెంచివారితో దాదాపు సమానంగా నిలిచారు. పేర్లున్న సంఖ్యలను దాటి ఖచ్చితమైన లెక్క చేయాల్సి వచ్చినప్పుడు మాత్రం తడబడ్డారు. పరిమాణాల అంచనా మనుషులందరికీ సహజం. ఖచ్చితమైన పెద్ద లెక్కకు మాత్రం ఎక్కించి పెట్టుకోవడానికి మాటల మెట్లు కావాలి. బస్తర్ పిల్లలకు ఆ మెట్లు గోండి, హల్బీ, హిందీ కలిసిన నిచ్చెనగా దొరుకుతున్నాయి. నిచ్చెన ఉంది. అందులో కొన్ని మెట్లు గోండివని బడి గుర్తించాలి, అంతే.

కొలతల సంగతీ ఇలాంటిదే. బస్తర్ సంతల్లో వడ్లు, ఇప్పపువ్వు వంటివి పైలి అనే కొలపాత్రతో కొలవడం అలవాటు. మన సోల, మానిక, కుంచం లాంటిదే అది. పడమటి ఆఫ్రికాలోని లైబీరియాలో జాన్ గే, మైకేల్ కోల్ అనే పరిశోధకులు క్పెల్లే ప్రజల గురించి 1967లో ఒక పుస్తకం వెలువరించారు. గిన్నెలో ఉన్న బియ్యం ఎన్ని కొలతలు వస్తుందో చూసి చెప్పమంటే, చదువురాని క్పెల్లే రైతులు చదువుకున్న అమెరికన్ల కంటే చాలా దగ్గరగా చెప్పారు. వరి పండించి, కొలిచి, అమ్మే జీవితం వారి కంటికి ఆ లెక్క నేర్పింది. బడి పరీక్షలో మాత్రం ఆ నేర్పు ఎక్కడా కనిపించదు, ఎందుకంటే ఆ పరీక్ష దాని గురించి అడగదు.

రెండు రకాల లెక్కలు

ఒకే పిల్లవాడికి ఒకచోట వచ్చిన లెక్క మరోచోట రాకపోవడం నిజంగా జరుగుతుందా? బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు, మొక్కజొన్న వంటివి అమ్ముకునే ఐదుగురు పిల్లలతో తెరెజిన్యా కరేయర్, డేవిడ్ కరేయర్, అనాలూసియా ష్లీమన్ చేసిన అధ్యయనం 1985లో వెలువడింది. పరిశోధకులు ముందు కొనేవాళ్ళలా వెళ్ళి బేరం ఆడుతూ లెక్కలు అడిగారు. 98 శాతం సరైన జవాబులు వచ్చాయి. తర్వాత అవే లెక్కలను కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇచ్చారు. సరైన జవాబులు 37 శాతానికి పడిపోయాయి. కథా రూపంలో అడిగితే 74 శాతం వచ్చాయి.

అది ఐదుగురి మీద చేసిన చిన్న అధ్యయనం. 2025లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం చాలా పెద్దది, మన దేశంలోనే జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కే తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను పరిశీలించారు. వారిలో దాదాపు అందరూ అమ్మకంలో క్లిష్టమైన లెక్కలు నోటితో చేసేశారు. అంతే కష్టమైన, ఇంకా సులువైన లెక్కలను బడి పద్ధతిలో అంకెలు పేర్చి ఇస్తే చేయలేకపోయారు. దగ్గర్లోని బడుల్లో చదివే, అమ్మకం అనుభవం లేని 471 మంది పిల్లల్లో దీనికి పూర్తిగా ఎదురు ఫలితం కనిపించింది.

ఈ పిల్లలు బస్తర్ వాళ్ళు కాదు. పైగా వారికి అడ్డొచ్చింది భాష కూడా కాదు, లెక్కను అడిగిన రూపం. రూపం ఒక్కటి మారితేనే ఇంత తేడా వచ్చినప్పుడు, రూపంతో పాటు భాష కూడా మారిపోయే బస్తర్ పిల్లవాడి పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించాలి. అమ్మ వెంట సంతకు వెళ్ళి, చింతపండు అమ్మిన డబ్బులో ఉప్పుకెంత, నూనెకెంత, మిగిలేదెంత అని చూసిన అనుభవం అతడి దగ్గర ఉంటుంది. ఆ అనుభవానికీ పలక మీది అంకెలకూ మధ్య వంతెన కట్టాల్సింది బడే.

ఒక్క మాట తెలియకపోతే

కింది లెక్క చేయండి.

'సోమి దగ్గర 12 గంపలు ఉన్నాయి. బుద్రు దగ్గర దానికి 4 డింబు గంపలు ఉన్నాయి. ఇద్దరి దగ్గరా కలిపి ఎన్ని?'

డింబు అనేది ఇక్కడ కల్పించిన మాట. దాని అర్థం 'ఎక్కువ' అయితే జవాబు 28. 'తక్కువ' అయితే 20. 'రెట్లు' అయితే 60. మీకు కూడిక వచ్చు, తీసివేత వచ్చు, గుణకారం వచ్చు. అవేవీ మిమ్మల్ని కాపాడలేదు. తెలియనిది ఒకే ఒక్క మాట. తరగతి గదిలో గోండు పిల్లవాడికి అలాంటి మాటలు వాక్యానికి రెండు మూడు తగులుతాయి.

అప్పుడు పిల్లలు ఏం చేస్తారు? కనిపించిన అంకెలను పట్టుకుని కూడేస్తారు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో 1980 ప్రాంతంలో చిన్న తరగతుల పిల్లలకు ఒక చిలిపి లెక్క ఇచ్చారు. 'ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?' 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో లెక్క కట్టి జవాబు చెప్పారు. అది వాళ్ళ సొంత భాషలో అడిగిన ప్రశ్నే. బడిలో లెక్క అంటే అర్థం చేసుకోవడం కాదు, జవాబు రాయడమని పిల్లలు ఎంత త్వరగా నేర్చుకుంటారో ఇది చూపింది. భాష అర్థం కాని చోట ఈ అలవాటు ఇంకా త్వరగా పాతుకుపోతుంది. పిల్లవాడు పాఠం చూసి రాస్తాడు, అందరితో పాటు వల్లెవేస్తాడు, నోట్సు నిండుతుంది. లోపల ఆలోచన మాత్రం మొదలు కాదు.

దీని వెనక ఒక సహజమైన కారణం ఉంది. మన మనసులో ఏకకాలంలో పట్టి ఉంచగలిగిన విషయాలు చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో వాటిని ఏడు, అటూ ఇటూ రెండుగా లెక్కగట్టారు. నెల్సన్ కోవాన్ 2001లో నాలుగు దగ్గరే హద్దు గీశారు. ఈ చిన్న జాగానే పని జ్ఞాపకం అంటారు. అక్షరాలు గుర్తుపట్టడానికి, మాటల అర్థం వెతకడానికి ఆ జాగా అంతా ఖర్చైపోతే, లెక్క గురించి ఆలోచించడానికి చోటు మిగలదు.

'తప్పు' వెనక ఉన్న నియమం

హిందీ నేర్చుకున్న తెలుగువాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది లింగం. బస్ ఆయీ, ట్రక్ ఆయా. బస్సు ఎందుకు ఆడదో, లారీ ఎందుకు మగదో ఎంత ఆలోచించినా తేలదు. తెలుగులో మగవాళ్ళు ఏకవచనంలో ఒక వైపు, మిగతావన్నీ మరో వైపు ఉంటాయి. వాడు వచ్చాడు, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. గోండిలోనూ ఇదే తరహా విభజన ఉంది. పురుషులు ఒక వర్గం. స్త్రీలు, జంతువులు, వస్తువులు మరో వర్గం.

గోండు పిల్లవాడు హిందీలో 'ఆయా', 'ఆయీ'లను తారుమారు చేసినప్పుడు ఉపాధ్యాయుడికి అది అజాగ్రత్తగా కనిపించవచ్చు. నిజానికి ఆ పిల్లవాడు ఒక నియమాన్ని ఖచ్చితంగా పాటిస్తున్నాడు, కాకపోతే అది తన భాష నియమం. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసినంత మాత్రాన కొత్త నియమం రాదు. 'మీ భాషలో ఇలా, హిందీలో ఇలా' అని రెండూ పక్కపక్కన పెట్టి చూపితే వస్తుంది. ఆ పోలిక చూసిన పిల్లవాడు భాషనే ఒక వస్తువులా తిప్పి చూడడం నేర్చుకుంటాడు. ఈ నేర్పు చదవడానికీ, రాయడానికీ పునాది.

రెండు భాషలు బరువా, బలమా?

పిల్లలకు రెండు భాషలైతే బుద్ధి మందగిస్తుందని ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో చాలామంది నమ్మారు. ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ 1962లో కెనడాలోని మాంట్రియల్ పిల్లలపై చేసిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. రెండు భాషలూ బాగా వచ్చిన పిల్లలు ఆలోచన పరీక్షల్లో వెనకబడలేదు సరికదా, ముందున్నారు.

మనకు మరింత దగ్గరి సాక్ష్యం బస్తర్‌కు పొరుగునే ఉన్న ఒడిశాలో ఉంది. అక్కడి కంధమాల్ ప్రాంతపు కొంధు ప్రజల్లో కొన్ని చోట్ల కుయీ, ఒడియా రెండూ మాట్లాడతారు. మరికొన్ని చోట్ల కుయీ పోయి ఒడియా ఒక్కటే మిగిలింది. సంస్కృతి ఒకటే, జీవనం ఒకటే, తేడా భాషలోనే. మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మహంతి ఈ రెండు రకాల పిల్లలనూ ఏళ్ళ తరబడి పోల్చి చూశారు. సొంత భాషను నిలుపుకుని ఒడియా కూడా నేర్చిన పిల్లలు భాష గురించి ఆలోచించడంలోనూ, ఇతర మేధో పరీక్షల్లోనూ మెరుగ్గా ఉన్నారు. ఆ పరిశోధనను ఆయన 1994లో పుస్తకంగా వెలువరించారు.

అయితే రెండో భాషకు సమయం కావాలి. కెనడాలో వలస వచ్చిన పిల్లలను గమనించిన జిమ్ కమిన్స్, ఆటస్థలంలో మాట్లాడే భాష రెండేళ్ళలో వస్తుందని, పాఠం చదివి వాదించే భాషకు ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుందని చెప్పారు. 'మా పిల్లలు హిందీ బాగానే మాట్లాడుతున్నారు' అనిపించే దశలోనూ పాఠం అర్థం కాకపోవడానికి కారణం ఇదే. మొదటి భాషలో ఒకసారి పట్టుబడ్డ భావన రెండో భాషలోకి సులువుగా దాటుతుందని కూడా ఆయన చూపారు. భాగహారం అంటే సమానంగా పంచడమని గోండిలో అర్థమైన పిల్లవాడు హిందీలో నేర్చుకోవాల్సింది ఒక్క మాటే. అసలు అర్థం కానివాడు రెండు భాషల్లోనూ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

తరగతి గదిలో ఇప్పటికి జరిగింది

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు ఏర్పాట్లు చేయాలని 1956లో చేర్చిన రాజ్యాంగం 350ఏ అధికరణ చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో, 240 బడుల్లో బహుభాషా విద్యను మొదలుపెట్టింది. పాఠ్యపుస్తకాలను తెలుగు లిపిలో తయారుచేశారు. 2006-07లో ఒడిశా పది భాషలతో ఆ బాట పట్టింది. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చదువు ఉండాలని చెప్పింది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గోండి, హల్బీ, భత్రీ సహా స్థానిక భాషల్లో ప్రాథమిక పాఠాలు అందిస్తామని ప్రకటించింది.

ఇబ్బందులు చిన్నవి కావు. ఒకే తరగతిలో గోండి పిల్లలు, హల్బీ పిల్లలు పక్కపక్కన కూర్చుంటారు. ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు చాలరు. గోండికి అన్ని చోట్లా ఆమోదం పొందిన ఒకే లిపి లేదు. ఛత్తీస్‌గఢ్‌లో దేవనాగరిలో, తెలంగాణలో తెలుగు లిపిలో రాస్తారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో వెలుగుచూసిన సొంత లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. రాష్ట్రాలను బట్టి మాండలికమూ మారుతుంది. ఆ దూరం తగ్గించడానికి వివిధ రాష్ట్రాల గోండులు కలిసి కూర్చుని తయారుచేసుకున్న ఉమ్మడి నిఘంటువు 2018లో వచ్చింది. ఫోన్ చేసి తమ మాటల్లోనే వార్త చెప్పే సీజీనెట్ స్వర వేదిక 2010 నుంచి గోండిని వినిపించే భాషగా నిలబెట్టింది.

తల్లిదండ్రుల భయమూ న్యాయమైనదే. హిందీ, ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగం రాదన్నది వారి అనుభవం. ఇంటి భాషలో మొదలుపెట్టడమంటే హిందీని మానేయడం కాదని, హిందీని గట్టి పునాది మీద నిలబెట్టడమని వారికి ఫలితాలతోనే చూపించాలి.

ఈ ప్రశ్న బస్తర్ పొలిమేర దాటి మన ఊళ్ళకూ వచ్చింది. 2005 తర్వాత అక్కడి హింస నుంచి తప్పించుకుని వేలమంది గోదావరి లోయకు తరలివచ్చారు. తెలుగు రాష్ట్రాల అటవీ గ్రామాల్లో వారిని గుత్తికోయలంటారు. ఆ పిల్లలకు ఇంట్లో కోయ లేదా గోండి, అక్కడి బడిలో హిందీ, ఇక్కడి బడిలో తెలుగు. వారి మాట తెలుగుకు దగ్గరగా వినిపిస్తుంది కాబట్టి పాఠం అర్థమవుతోందని అనుకోవడం సులువు. ఏడు అంకెలు గుర్తుపట్టినంత మాత్రాన మనకు గోండి పాఠం అర్థం కాదు. వారికి తెలుగు పాఠమూ అంతే.

రేపటి నుంచే చేయగలిగినవి

విధానాలకు సమయం పడుతుంది. ఒక ఉపాధ్యాయుడు రేపే మొదలుపెట్టగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. లెక్క ఇచ్చాక పిల్లలను ఇద్దరిద్దరుగా తమ భాషలో చర్చించుకోనివ్వాలి, జవాబు మాత్రం హిందీలోనో తెలుగులోనో చెప్పమనాలి. లెక్క చేయించే ముందు అందులోని ఎక్కువ, తక్కువ, రెట్లు, మిగిలినవి వంటి మాటలను పిల్లల భాషలో ఏమంటారో వాళ్ళనే అడిగి బల్ల మీద రాయాలి. సంత బేరాన్ని మొదట నోటితో చేయించి, అదే లెక్కను తర్వాత అంకెల్లో రాయించాలి. ఊరి పెద్దలతో పొడుపు కథలు, కథలు చెప్పించి పిల్లలతో రాయించాలి. పిల్లవాడు తప్పు జవాబు చెబితే, 'ఎలా చేశావు?' అని అడిగి, ఆ మాట అతడి భాషలోనే చెప్పనివ్వాలి. లెక్క తప్పో, మాట తప్పో అప్పుడే తేలుతుంది.

వీటిలో దేనికీ ఉపాధ్యాయుడికి గోండి వచ్చి ఉండాల్సిన అవసరం లేదు. పిల్లలకు గోండి వచ్చన్న సంగతి గుర్తుంటే చాలు.